నల్లా నీళ్ళు వాసన, వీధిలో వరసగా కామెర్లు. ఎవరిని పట్టుకోవాలి?

బస్తీకుర్రాడు
మాది హైదరాబాద్‌లో ఒక బస్తీ. మా వీధిలో కామెర్లు వరసగా వస్తున్నాయి. ముందు పక్కింటి అబ్బాయికి, తర్వాత ఎదురింట్లో తల్లీకూతుళ్ళకి, ఇప్పుడు మా చిన్నమ్మకి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున. వదలగానే మురుగు వాసన, కాస్త నలుపు. కొంతసేపటికి మామూలైపోతాయి. లైన్ చూసే అతన్ని పిలిస్తే వచ్చి గ్లాసులో పట్టి చూశాడు. "బాగానే ఉన్నాయి కదా" అని వెళ్ళిపోయాడు. ఆ టైముకి నిజంగానే బాగున్నాయి!
మా వాళ్ళేమో ఇది నీళ్ళ వల్ల కాదు, పానీపూరి వల్ల అంటున్నారు. ఇద్దరు ముగ్గురు చేతి మీద వాత పెట్టే ఆయన దగ్గరికి వెళ్ళొచ్చారు. ఇది నీళ్ళ వల్లేనా? అయితే ఎవరిని పట్టుకోవాలి? క్యాన్ నీళ్ళు కొనుక్కోమనే సలహా మాత్రం వద్దు. ఇంట్లో ఏడుగురం.

సాయంత్రంచాయ్
పానీపూరి బండికి నీళ్ళు హిమాలయాల నుంచి వస్తాయా? అదే నల్లా.

మందులషాపు_మురళి
నేను డాక్టర్ని కాదు. కానీ మా షాపు ఉన్నది బస్తీ మలుపులోనే, ఏటా వానాకాలం మొదట్లో ఇదే చూస్తా. ఒకే వీధిలో ఇంతమందికి కామెర్లంటే హెపటైటిస్ 'ఏ' వైరస్ గానీ 'ఈ' వైరస్ గానీ అయ్యే అవకాశం ఎక్కువ. రెండూ మలం కలిసిన నీళ్ళతోనో తిండితోనో వస్తాయి. చిక్కేమిటంటే ఇవాళ తాగితే రేపు బయటపడవు. రెండు వారాల నుంచి ఆరు వారాల దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా కళ్ళు పచ్చబడతాయి. అంటే మీ చిన్నమ్మకి జబ్బు తెచ్చిన నీళ్ళు ఎప్పుడో పోయిన నెల నీళ్ళు. ఇవాళ గ్లాసులో పట్టి బాగున్నాయనడం దేనికీ రుజువు కాదు.
విరేచనాలైతే వేరే కథ. కలరా లాంటివి గంటల్లోనో నాలుగైదు రోజుల్లోనో తేలిపోతాయి కాబట్టి అందరికీ వెంటనే నీళ్ళ మీద అనుమానం వస్తుంది. కామెర్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి నింద పానీపూరి మీద పడుతుంది.

వాత_వద్దు
వాత గురించి ఒక మాట. ఈ రకం కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు వాతకీ పసరుకీ పోతోంది. మా బాబాయికి వాత పుండు పడి చీము పట్టింది. కామెర్లు ముందే తగ్గాయి, పుండు మాత్రం దసరా దాకా ఉంది.

పసరుభక్తుడు
మా నాయనమ్మ నేల ఉసిరి ఇచ్చేది. ఎంతమందికి తగ్గిందో నాకు తెలుసు. అన్నిటినీ కొట్టిపారేయకండి.

వాత_వద్దు
@పసరుభక్తుడు నాయనమ్మ మీద నాకేం కోపం లేదు అన్నా. ఏం కలిపారో తెలియని పసరు, అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద పోయొద్దంటున్నా. అంతే.

ఆశా_అక్క
తమ్ముడూ, మీ వీధిలో గర్భిణులు ఎవరైనా ఉన్నారా? అది ముందు చెప్పు. మిగతావన్నీ తర్వాత.

బస్తీకుర్రాడు
@ఆశా_అక్క చివరింట్లో ఒకామె ఉంది అక్కా. ఏడో నెల అనుకుంటా. ఆమెకి ఏమీ లేదు, బాగానే ఉంది.

ఆశా_అక్క
బాగున్నప్పుడే చెప్పాలి. హెపటైటిస్ 'ఈ' అనేది మామూలు మనిషిని నీరసపెట్టి వదిలేస్తుంది. నెలలు నిండుతున్న గర్భిణికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. చివరి మూడు నెలల్లో వస్తే నలుగురైదుగురిలో ఒకరు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఆమెకి ఇవాళ్టి నుంచి మరగబెట్టిన నీళ్ళు తప్ప ఒక్క గుక్క కూడా వద్దు. వాంతులు, ఆకలి లేకపోవడం, మూత్రం ముదురు పసుపు, వీటిలో ఏది కనిపించినా బస్తీ దవాఖానాలో ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. వాళ్ళత్తగారికి కూడా ఈ మాట చెప్పు. కోడలికి చెబితే సరిపోదు, ఇంట్లో గ్యాస్ ఎవరి చేతిలో ఉంటుందో నీకూ తెలుసు.

ప్లంబర్_పాషా
నీళ్ళు మొదట నల్లగా వచ్చి తర్వాత తేరుకుంటున్నాయి అన్నావు చూడు, రోగం అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పని చేస్తున్నా, చెప్తా విను.

మీ నల్లా గుంతలో ఉందా, నేల మీద ఉందా? చాలా బస్తీల్లో ప్రెషర్ చాలక గుంత తవ్వి పైపును కిందికి దించుతారు. కిందికి పోతే ధార బాగా వస్తుంది, నిజమే. కానీ ఆ గుంతలో ఏముంటుంది? గిన్నెలు కడిగిన నీళ్ళు, వాన నీళ్ళు, పక్క మోరీ ఊట. పైనుంచి నీళ్ళు ఆపగానే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పైపు గుంతలో ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. పైన ఎక్కడైనా తుప్పు పట్టిన చోటు ఉంటే అక్కడినుంచీ లాక్కుంటుంది. మళ్ళీ నీళ్ళు వదలగానే ముందు బయటికొచ్చేది అదే. ఇరవై నాలుగు గంటలూ నీళ్ళున్న పైపులోకి మురుగు దూరడం కష్టం, లోపలి ఒత్తిడి బయటికి తోస్తుంది. రోజు విడిచి రోజు వచ్చే పైపులోకి దూరడం చాలా సులువు.

ఇక రెండోది. ఇంటి కనెక్షన్లు చాలా వరకు ఇనప జీఐ పైపులు. వాటిని మోరీ లోపలి నుంచే అడ్డంగా తీసుకుపోతారు, వేరే దారి ఉండదు కాబట్టి. మురుగులో నానిన జీఐ పైపు కొన్నేళ్ళకి జల్లెడే. పైనుంచి చూస్తే కనపడదు. మోరీ మీది బండ ఎత్తి, పైపు మీద చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది. ఆ పని చేసేవాడు దొరకడు, నేను తప్ప.

మీ వీధిలో మొదటి కామెర్ల ఇల్లు ఎక్కడ, రెండోది ఎక్కడ అని ఒక కాగితం మీద గీయి. అన్నీ ఒకే సబ్ లైన్ మీద ఉంటే తవ్వాల్సిన చోటు సగం తేలినట్టే.

సాయంత్రంచాయ్
పాషా భాయ్, ఫీజు ఎంత?

ప్లంబర్_పాషా
చాయ్ నువ్వు పోయించు చాలు.

నిజంచెప్తా
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. బస్తీల్లో నల్లాకి నేరుగా మోటర్లు పెట్టి గుంజుతారు. పైపు ఖాళీ అయ్యేదీ, మురుగు లాక్కునేదీ వాటి వల్లే. చెత్త మోరీలో వేసేదీ వాళ్ళే. నెలకి 20 వేల లీటర్లు ఉచితం. బస్తీల్లో మీటరు కూడా అక్కర్లేదు. ఇన్ని ఇచ్చినా నీళ్ళు బాగాలేవని గోల. కొంత బాధ్యత మనకీ ఉండాలి.

రేకులఇల్లు
@నిజంచెప్తా మోటరు మాట నిజం, ఒప్పుకుంటా. కానీ ఎందుకు పెడతారో చూడండి. వచ్చేది గంట. వీధి చివర ఇంటికి చేరేసరికి అర్ధగంట. మొదటి నాలుగిళ్ళు మోటరు పెడితే ఐదో ఇల్లు పెట్టక చస్తుందా? ఆ 20 వేల లీటర్లు మీటరు ఉన్న మీ ఫ్లాటుకీ ఉచితమే కదా సార్. మీరు సంపు నింపుకుంటారు, మేం బిందెలు నింపుకుంటాం. తేడా అంతే.

నిజంచెప్తా
నాది ఫ్లాటు అని ఎవరు చెప్పారు?

రేకులఇల్లు
"గోల" అన్న మాట చెప్పింది.

వేదికపెద్ద
ఇద్దరూ కాస్త తగ్గండి. విషయం మీద ఉందాం.

ముషీరాబాద్‌మనిషి
కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. తాగే నీళ్ళ లైన్లో మురుగు కలిసింది. వాంతులు, విరేచనాలతో వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. నల్లకుంట కోరంటి దవాఖానాలో మంచాలు చాలలేదు. తోళ్ళ గోదాములు, ప్లాస్టిక్ తుక్కు, ఇరుకు గల్లీలు, పాత పైపులు అన్నీ ఒకేచోట ఉన్న ఏరియా అది. ఆ తర్వాతే అక్కడ పైపులు మార్చే పని ఊపందుకుంది. ముందు నుంచీ వాసన వస్తోందని జనం చెబుతూనే ఉన్నారు. మనుషులు పోయాక కదిలారు.

గుంటూరుఘాటు
మాదీ అదే కథ. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, సంగడిగుంట చుట్టుపక్కల. తాగునీటి పైపులో మురుగు కలిసి విరేచనాలు, మరణాలు. ట్యాంకర్లు తిప్పారు, మంత్రులు తిరిగారు. మా మేనత్త అప్పటినుంచి కొళాయి నీళ్ళు మరగబెట్టకుండా తాగదు. మరగబెట్టిన నీళ్ళు చప్పగా ఉన్నాయని మా మావయ్య మాత్రం దొంగచాటుగా కొళాయి దగ్గర తాగుతాడు.

లెక్కలమాస్టారు
మనం మాట్లాడుతున్నది ఎంతమంది గురించో చెప్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మురికివాడల జనం సుమారు ఆరున్నర కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోటి దాటారు, మహారాష్ట్ర తర్వాత మనమే. పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడ ఇళ్ళ వాటా అత్యధికంగా ఉన్నది ముంబైలో అనుకుంటారు. కాదు, విశాఖలో: 44 శాతం. ముంబై 41, విజయవాడ కూడా దాదాపు అంతే.
ఇంకో సంగతి. ఆ లెక్కలో ఒక పేటను మురికివాడగా గుర్తించాలంటే కనీసం 300 మంది జనం, లేదా ఒకేచోట 60, 70 ఇళ్ళు ఉండాలి. బ్రిడ్జి కింద పాతిక గుడిసెలు ఉంటే లెక్కలోకే రావు. లెక్కలో లేనిచోట పైపు వెయ్యడానికి ఫైలు కూడా పుట్టదు.

విశాఖకొండమీద
మాస్టారూ, ఆ 44 లో మేమూ ఉన్నాం. కొండవాలు మీద ఇల్లు. మా సమస్య తలకిందులు. నీళ్ళు పైకి ఎక్కవు, మురుగు మాత్రం మా దగ్గర్నుంచి కిందింటి గుమ్మంలోకి దిగుతుంది. అందుకే కిందవాళ్ళకీ మాకూ రోజూ గొడవ. మెట్లు నూటికి పైనే. 108 కింద రోడ్డు మీద ఆగుతుంది. మా నాన్నకి గుండె నొప్పి వస్తే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. వాన పడుతున్న రోజు. కుర్చీ కాలు విరగనందుకు ఆ కంపెనీ వాడికి దణ్ణం పెట్టాలి.

మొగల్రాజపురంమెట్లు
@విశాఖకొండమీద బెజవాడ కొండలదీ అదే తంతు. పైగా కొండచరియల భయం. 2024 ఆగస్టు 31న మా వైపు రాళ్ళు జారి ఇళ్ళ మీద పడ్డాయి, మనుషులు పోయారు. మర్నాటికి బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. కొండ మీదివాళ్ళకి రాళ్ళు, కిందివాళ్ళకి నీళ్ళు.

రేకులఇల్లు
నీళ్ళ సంగతి నలుగురూ చెబుతున్నారు కాబట్టి నేను వేడి గురించి చెప్తా. సిమెంటు రేకుల కింద ఏప్రిల్, మే ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలీదు. రాత్రి పదకొండుకి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. ఫ్యాను వేస్తే పైనున్న వేడినే ముఖం మీదికి కొడుతుంది. అమ్మకి బీపీ. రాత్రుళ్ళు నిద్ర లేక మరింత పెరుగుతోందని డాక్టరమ్మ అంది. "చల్లగా ఉండే గదిలో పడుకోబెట్టండి" అని కూడా అంది. ఆ గది ఎక్కడ దొరుకుతుందో చీటీలో రాయలేదు.
పోయినేడు రేకుల మీద సున్నం కొట్టాం. తేడా తెలిసింది. వానకి సగం కొట్టుకుపోయింది. మళ్ళీ కొట్టాలి.

లెక్కలమాస్టారు
దీనికి తెలంగాణలో 2023 నుంచి కూల్ రూఫ్ విధానం అని ఒకటుంది. 2028 దాకా నడుస్తుంది. తెల్ల రంగు, తెల్ల పెంకులు వగైరా వేసి కప్పు వేడి తగ్గించడం. అయితే ఇళ్ళ విషయంలో తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాలకి. చిన్న ఇళ్ళకి ఇష్టమైతేనే.

రేకులఇల్లు
మాది 40 గజాలు. ఇష్టమే. డబ్బే కష్టం.

నిజంచెప్తా
చర్చ నీళ్ళ మీద కదా, ఎండల దాకా ఎందుకు పోయింది?

ఆశా_అక్క
బస్తీలో ఇవి విడివిడిగా ఉండవు అన్నా. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ప్రతి ఇంట్లో రెండు డ్రమ్ములు. ఎండాకాలం కాబట్టి ఇంకో డ్రమ్ము. మూత సరిగా ఉండదు. డెంగీ దోమకి కావాల్సింది మోరీ కాదు, ఇదిగో ఈ మంచినీళ్ళే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. పైగా పగలు కుడుతుంది, అప్పుడు ఇంట్లో ఉండేది పిల్లలూ ముసలివాళ్ళూ. శుక్రవారం శుక్రవారం డ్రై డే అని మేం ఇంటింటికీ తిరిగి డ్రమ్ము ఖాళీ చేయమంటే, "మళ్ళీ నువ్వు నింపుతావా" అంటారు. వాళ్ళ మాటలో తప్పేముంది?
ఖాళీ చేసినా సరిపోదు. గుడ్లు డ్రమ్ము గోడకి, నీటి గీత మీద అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు. పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. నింపేది ఎలాగూ మీరే, ఆ ఒక్క పని చేయండి.

సాయంత్రంచాయ్
1897లో దోమ కడుపు కోసి మలేరియా గుట్టు పట్టుకున్న రోనాల్డ్ రాస్ ఆ పని చేసింది మన సికింద్రాబాద్‌లోనే. గుట్టు మనూళ్ళో దొరికింది. దోమలూ మనూళ్ళోనే ఉండిపోయాయి.

కుట్టుమిషన్
నేను చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. మా తమ్ముడు సంచులు కుట్టే కార్ఖానాలో చేసేవాడు. కిటికీ లేని గది, ఎనిమిది మంది, పగలంతా అక్కడే, రాత్రి పడక కూడా అక్కడే. దగ్గు మొదలై రెండు నెలలు లోకల్ ఆర్ఎంపీ దగ్గర సూదులు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి తెమడ పరీక్ష చేయిస్తే టీబీ. ఆరు నెలల మందులు ఉచితంగా ఇచ్చారు. వేసుకున్నాడు, నయమైంది. నెల నెలా పోషణకి డబ్బు కూడా బ్యాంకులో పడింది. అప్పట్లో 500, 2024 నవంబరు నుంచి 1000 చేశారు.
కానీ మందు బిళ్ళలు చూసి ఇంటి ఓనరు పది రోజుల్లో ఖాళీ చేయమంది. టీబీ కంటే ఆ పది రోజులే మమ్మల్ని ఎక్కువ ఏడిపించాయి. తర్వాతి ఇంటి ఓనరుకి "ఊపిరితిత్తుల్లో నిమ్ము" అని చెప్పి చేరాం.

మందులషాపు_మురళి
@కుట్టుమిషన్ అక్కా, మందు మొదలెట్టిన కొన్ని వారాలకే చాలామంది నుంచి టీబీ అంటుకోవడం ఆగిపోతుంది. ఆ ఓనరుకి భయం ఉండాల్సింది మందు వేసుకోనివాళ్ళ గురించి. ఇంట్లో మిగతావాళ్ళకి, ముఖ్యంగా చిన్నపిల్లలకి పరీక్ష చేయించారా? టీబీ రాకుండా ముందే ఇచ్చే మందు కూడా ఉంది.
ఆర్ఎంపీల గురించి: నా షాపుకి వచ్చే చీటీల్లో సగం స్టెరాయిడ్, యాంటీబయాటిక్, సెలైన్. జ్వరం ఆ పూటకి దిగుతుంది. మర్నాడు పనికి పోవచ్చు. జనానికి కావాల్సిందీ అదే, కూలి పోకూడదు. డెంగీ రోజుల్లో ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్ సూది వేస్తారు చూడండి, అది మాత్రం ఒప్పుకోకండి. రక్తస్రావం ముప్పు పెంచుతుంది. పారాసిటమాల్ చాలు.

నిజంచెప్తా
మరి బస్తీ దవాఖానాలు పెట్టారు కదా, 2018 నుంచి ఉన్నాయి. డాక్టరు, నర్సు, మందులు ఉచితం. రక్తపరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కి పంపుతారు, అవీ ఉచితం. ఎందుకు వెళ్ళరు? ఆర్ఎంపీకి డబ్బులిచ్చి మరీ ఎందుకు పోతారు?

అడ్డామీదికూలి
ఎందుకంటే నేను పని దిగేది సాయంత్రం ఆరుకి. దవాఖానా నాలుగుకి మూస్తారు. ఆర్ఎంపీ రాత్రి పది దాకా ఉంటాడు, అప్పు కూడా పెట్టుకుంటాడు. పగలు దవాఖానాకి పోతే ఆ రోజు కూలి పోయినట్టే. మందు ఉచితమే, రోజు ఉచితం కాదు.

నిజంచెప్తా
@అడ్డామీదికూలి ఇది సరైన మాట. సాయంత్రం పూట తెరవాలి.

రేకులఇల్లు
స్క్రీన్‌షాట్ తీసుకుంటున్నా. నిజంచెప్తా గారు ఒప్పుకున్నారు.

నిజంచెప్తా
మోటర్ల విషయంలో నా మాట మార్చలేదు.

పూలమ్మి
ఆడవాళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదు. మార్కెట్లో పూలు అమ్ముతా. పొద్దున నాలుగుకి పోతే మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. దగ్గర్లో ఉన్న సులభ్ దాకా పోతే బుట్ట ఎవరు చూస్తారు? అందుకని నీళ్ళే తాగం. నేనూ, నా పక్కన కూర్చునే ఇద్దరూ మూత్రంలో మంటతో పడ్డవాళ్ళమే. ఇంటి దగ్గర కూడా రెండు వాటాలకి ఒకే లెట్రిన్, గొళ్ళెం సరిగ్గా పడదు. ఆడపిల్లలు చీకటి పడ్డాకే పోతారు. ఎండాకాలంలో నీళ్ళు తాగండి, తాగండి అని టీవీలో చెప్తారు.

ఆశా_అక్క
@పూలమ్మి నిజం. మేం బీపీ, షుగరు, గర్భిణుల లెక్కలు అడుగుతాం. ఈ ప్రశ్న మా ఫారంలో లేదు.

ఓఆర్ఆర్అవతల
మూసీ ఒడ్డున ఉన్నప్పుడు మా ఇంట్లోకి 2020 అక్టోబరు వరద నడుం దాకా వచ్చింది. బియ్యం, పుస్తకాలు, పరుపు అన్నీ పోయాయి. తర్వాత డబుల్ బెడ్రూం వచ్చింది, నగరం అంచున. ఇల్లు బంగారం. 560 చదరపు అడుగులు, సొంత బాత్రూం, నీళ్ళు వాసన రావు. చిన్నోడికి నెల నెలా వచ్చే విరేచనాలు, గజ్జి రెండూ పోయాయి. అది చెప్పకపోతే పాపం.
కానీ నా భార్య చేసే నాలుగిళ్ళ పని పోయింది. బస్సులో గంటన్నర పోయి నాలుగిళ్ళు ఎవరు చేస్తారు? మా అమ్మ డయాలసిస్‌కి పోవాలంటే ఆటోకే సగం పెన్షన్. లిఫ్టు ఆగిన రోజు మా తొమ్మిదో అంతస్తు విశాఖ అన్న కొండ లాంటిదే. కుర్చీ మేమూ కొనిపెట్టుకున్నాం.

విశాఖకొండమీద
కంపెనీ పేరు చెప్తా, మంచి కుర్చీ :)

మూసీఒడ్డు
@ఓఆర్ఆర్అవతల నేను ఇంకా ఇక్కడే ఉన్నా, చాదర్‌ఘాట్ వైపు. 2024లో మా చుట్టుపక్కల చాలామందిని మలక్‌పేట ఇళ్ళకి పంపారు. దగ్గరే కాబట్టి వాళ్ళ పనులు పోలేదు. దూరం పంపితే ఒక బాధ, దగ్గర ఇస్తే ఎవరూ పెద్దగా ఏడవలేదు. నది ప్రమాదం నిజమే. 1908 నుంచి ఇక్కడి ముసలివాళ్ళు వరద కథలే చెబుతున్నారు. 2025 సెప్టెంబరులో కూడా మూసారాంబాగ్ వైపు ఇళ్ళలోకి వచ్చింది. ఉండటానికి మాకేం సరదా కాదు. ఉస్మానియా దవాఖానా నడిచిపోయేంత దూరం, మార్కెట్ దగ్గర, బడి దగ్గర. అందుకే ఉన్నాం.

బస్తీకుర్రాడు
అందరివీ చదివా. పాషా భాయ్ చెప్పినట్టు కాగితం మీద గీశా. కామెర్ల ఇళ్ళన్నీ పాత మసీదు సందు లైన్ మీదే ఉన్నాయి! అవతలి లైన్లో ఒక్కటీ లేదు. పానీపూరి మాత్రం రెండు లైన్లవాళ్ళూ తింటారు.
చివరింటి ఆమెను ప్రసూతి ఆస్పత్రిలో చూపించారు, రక్తపరీక్ష బాగుంది. వాళ్ళత్తగారు పెద్ద గిన్నె పెట్టి మరగబెడుతోంది. ఇప్పుడు ఎక్కడ చెప్పాలి? నోటితో చెబితే పని కాలేదు.

ముషీరాబాద్‌మనిషి
నోటితో ఎప్పుడూ చెప్పొద్దు. జలమండలి నంబరు 155313 కి ఫోన్ చేసి "కలుషిత నీరు" అని ఫిర్యాదు రాయించు. నంబరు ఇస్తారు, అది దాచుకో. ఒక్కడివే చేయకు, ప్రతి ఇంటి నుంచీ చేయించు. ఒకే సందు నుంచి వరసగా ఫిర్యాదులు పడితే పైవాళ్ళకి కనిపిస్తుంది. ఇంకో కాపీ పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరుకి ఇవ్వండి. జబ్బుల లెక్క వాళ్ళ దగ్గర్నుంచి పోతే బరువు వేరు. నువ్వు గీసిన కాగితం ఫొటో తీసి జతచేయి.

ప్లంబర్_పాషా
నమూనా పట్టడానికి వస్తే నీళ్ళు వదిలిన మొదటి నిమిషాల్లోనే పట్టమను. తేరుకున్నాక పడితే మళ్ళీ "బాగానే ఉన్నాయి". క్లోరిన్ పరీక్ష కూడా అడుగు. చుక్కలు వేస్తే నీళ్ళు పసుపు తిరగాలి. తిరగలేదంటే మధ్యలో క్లోరిన్‌ని ఏదో తినేస్తోంది, అంటే మురుగు కలుస్తోందని అనుమానించాలి. రాత్రే అక్కడ ఉండి తెల్లవారుజామున లేవడానికి మనిషి కావాలి. కుర్రాళ్ళు ఉన్నారుగా.

బస్తీకుర్రాడు
మీరు చెప్పినట్టే చేశాం. ఫిర్యాదులు వరసగా పడేసరికి ఇంజనీరు వచ్చారు. తెల్లవారుజామున మొదటి నీళ్ళు పట్టారు, పసుపు తిరగలేదు. మోరీ బండలు ఎత్తితే సందు మలుపులో జీఐ పైపు మురుగులో మునిగి ఉంది, కింది వైపు పొర ఊడి చేతికి వచ్చింది. ఆ సందు లైన్ ఆపేశారు. ఇప్పుడు ట్యాంకర్ వస్తోంది. ప్లాస్టిక్ పైపు మోరీకి పైనుంచి వేస్తామన్నారు, నల్లాలు గుంతల్లోంచి పైకి తెస్తామన్నారు. పైకి తెస్తే ధార రాదని సగంమంది ఒప్పుకోవట్లేదు. గుంతలే కావాలంటున్నారు.

ప్లంబర్_పాషా
కొత్త పైపు వేస్తే తుప్పు ఇరుకు పోతుంది కాబట్టి ధార ఇదివరకటి కంటే మెరుగ్గానే ఉంటుంది. ముందు రెండిళ్ళకి పైకి తెచ్చి చూపించమను, మిగతావాళ్ళు చూసి వస్తారు. ఇంటి కనెక్షన్ దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి, వెనక్కి లాగదు. మోటర్లు మాత్రం అందరూ కలిసి ఒకేరోజు తీయాలి. ఒక్కడు ఉంచుకున్నా మళ్ళీ మొదలు.

నిజంచెప్తా
మోటర్లు. మొదటి రోజే చెప్పా.

సాయంత్రంచాయ్
ఇవాళ చాయ్ నిజంచెప్తా గారికి కూడా.

మందులషాపు_మురళి
తమ్ముడూ, ఒకటి ముందే అందరికీ చెప్పిపెట్టు. లైన్ మార్చాక కూడా నెల, నెలన్నర దాకా కొత్త కామెర్లు బయటపడొచ్చు. అవి ఇదివరకు తాగిన నీళ్ళవి. "పైపు మార్చినా తగ్గలేదు, అంతా దండగ" అని ఎవరైనా మొదలెడితే గుంతలు మళ్ళీ తవ్వేస్తారు. అప్పటిదాకా మరగబెట్టడం ఆపొద్దు. వైరస్ ఉన్నప్పుడు క్యాండిల్ ఫిల్టరు మీద నమ్మకం పెట్టుకోవద్దు. కామెర్లు వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు ఇంకొకరికి వండి పెట్టొద్దు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

బస్తీకుర్రాడు
వీధి వాట్సాప్‌లో పెట్టేశా. అప్పుడే ఒకాయన అడిగాడు: ట్యాంకర్ నీళ్ళు కూడా మరగబెట్టాలా?

ఆశా_అక్క
మరగబెట్టాలి. ఆ ట్యాంకర్ పైపు కొస ఎక్కడ పడి ఉంటుందో రేపు ఒకసారి చూడండి. డ్రమ్ములో ముంచే ముందు ఎవరైనా కడుగుతున్నారా? కడగకపోతే ఆ పని ఇద్దరికి వంతులు వేయండి. క్లోరిన్ బిళ్ళలు నా దగ్గర ఉన్నాయి, మీ ఏరియా ఆశాని అడిగితే ఆమె దగ్గరా ఉంటాయి. ఎన్ని లీటర్లకి ఒకటి అనేది కవరు మీద ఉంటుంది, వేశాక అరగంట ఆగి వాడుకోవాలి. గర్భిణి ఇంటికి మాత్రం బిళ్ళ వేసినా సరే మరగబెట్టిన నీళ్ళే.